కాకస్‌కు వచ్చిన జనాన్ని బట్టి నవంబరును అంచనా వేయవచ్చా?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. అమెరికా అధ్యక్ష ఎన్నికల సంవత్సరం మొదలైందంటే చాలు, జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఒక వార్త తప్పక వస్తుంది. ఫలానా పార్టీ కాకస్‌లకు మునుపెన్నడూ లేనంత మంది తరలివచ్చారని, కాబట్టి నవంబరులో జరిగే అధ్యక్ష ఎన్నికలో గాలి ఆ పార్టీ వైపే ఉందని అందులో రాస్తారు. జనం వచ్చిన మాట సాధారణంగా నిజమే ఉంటుంది. దాని నుంచి నవంబరు ఫలితాన్ని ఊహించడం మీదనే నాకు అభ్యంతరం. మీలో కొందరు అక్కడే పెరుగుతున్నారు, త్వరలో ఓటర్లవుతారు. మిగిలినవారు ఇక్కడి నుంచి ఆ వార్తలు చదువుతారు. ఇద్దరికీ పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

అధ్యక్ష పదవికి తమ అభ్యర్థిగా ఎవరు ఉండాలో తేల్చడానికి పార్టీ తన మద్దతుదారులను పేటపేటనా సమావేశపరచే పద్ధతిని కాకస్ అంటారు. దీనికి పేరుపడ్డ రాష్ట్రం అయోవా. 1972 నుంచి దశాబ్దాలపాటు అన్ని రాష్ట్రాల కంటే ముందు అక్కడే ఈ తంతు జరిగింది. చలికాలపు రాత్రి ఏడు గంటలకు సుమారు 1,700 పోలింగ్ ప్రాంతాల వారు బడుల్లోనో చర్చిల్లోనో గ్రంథాలయాల్లోనో కూడతారు. రిపబ్లికన్లు ప్రసంగాలు విని, చీటీ మీద పేరు రాసి ఇస్తారు. డెమోక్రాట్లు 2020 వరకు ఒక్కో అభ్యర్థి తరఫున ఒక్కో గుంపుగా నిలబడి తమను లెక్కపెట్టించుకునేవారు. సాధారణంగా 15 శాతం మంది కూడా లేని గుంపులోని వారు మరో గుంపుకు మారవలసి వచ్చేది. 2020 వరకు ఏ పార్టీ అయినా సరే, చెప్పిన వేళకు వెళ్లవలసి వచ్చేది, గంటో రెండు గంటలో అక్కడే గడపవలసి వచ్చేది. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు, చంటిబిడ్డను వదిలి రాలేని తల్లికి అది సాధ్యమయ్యేది కాదు. అందుచేత వచ్చేవారిలో ఎక్కువమంది పార్టీ మీద గట్టి పట్టింపు ఉన్నవారే అయి ఉంటారు. అటువంటివారు కాకస్‌కు వచ్చినా రాకపోయినా నవంబరులో ఎలాగూ ఓటు వేస్తారు కనుక, జనవరిలో వారి సంఖ్య పెరిగినంత మాత్రాన నవంబరులో పార్టీకి పడే ఓట్లు ఆ మేరకు పెరగవు.

కాకస్‌ల జనాన్ని చూసి జోస్యం చెప్పేవారికి 2008 పెద్ద ఆధారం. ఆ జనవరి 3న అయోవాలో డెమోక్రాట్ల సమావేశాలకు సుమారు 2,40,000 మంది వచ్చారు. నాలుగేళ్ల ముందు వచ్చినవారు 1,24,000 మాత్రమే. అదే రాత్రి రిపబ్లికన్ల వైపు వచ్చినవారు 1,20,000కు కొంచెం తక్కువ. నవంబరులో ఒబామా అయోవాను తొమ్మిది శాతానికి పైగా తేడాతో గెలుచుకున్నారు, దేశాన్నీ గెలిచారు. సూత్రం కుదిరినట్లే కనిపిస్తుంది.

అయితే మిగిలిన సంవత్సరాలనూ వరుసగా చూడండి. 2000లో రెండు పార్టీలలోనూ పోటీ ఉంది, కనుక పోలికకు అంతకంటే అనువైన సంవత్సరం దొరకదు. రిపబ్లికన్ కాకస్‌లకు సుమారు 87,000 మంది, డెమోక్రటిక్ కాకస్‌లకు సుమారు 61,000 మంది వచ్చారు. నవంబరులో అయోవా డెమోక్రాట్ అయిన గోర్‌కు దక్కింది, అదీ 4,000 పైచిలుకు ఓట్ల తేడాతో. 2012లో రిపబ్లికన్లకు 1,21,000 మందికి పైగా వచ్చారు, అది అప్పటికి వారి రికార్డు. ఆ ఏడాది చివర అయోవాలో గెలిచింది ఒబామా. 2016లో రిపబ్లికన్లు దాదాపు 1,87,000 మందితో ఆ రికార్డును దాటారు, నవంబరులో ట్రంప్ ఆ రాష్ట్రాన్ని సునాయాసంగా గెలిచారు. కానీ ఆ రికార్డు రాత్రి మొదటి స్థానంలో నిలిచినది ఆయన కాదు, టెడ్ క్రూజ్. 2020లో డెమోక్రాట్లకు వచ్చినవారి సంఖ్య 2016 కంటే కాస్త పెరిగింది, అయోవాలో మాత్రం వారు ఎనిమిది శాతం తేడాతో ఓడిపోయారు. దేశాన్ని గెలిచిన బైడెన్ ఆ కాకస్‌లలో నాలుగో స్థానంలో ఉన్నారు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసినది 2024. జనవరి 15న ఎముకలు కొరికే చలి, పైగా ఫలితం ముందే తేలిపోయిందన్న భావన. రిపబ్లికన్లకు వచ్చినవారు సుమారు 1,10,000 మంది, అంటే ఎనిమిదేళ్ల ముందుతో పోలిస్తే దాదాపు నలభై శాతం తగ్గుదల. ట్రంప్‌కు ఆ రాత్రి పడిన ఓట్లు 56,000 చిల్లర. ఉత్సాహం చల్లారిందని అనుకోవడానికి అవకాశం ఉన్న ఆ అంకె నవంబరుకు ఏమీ చెప్పలేదు. అదే అయోవాలో ఆయనకు 9,27,000 ఓట్లు వచ్చాయి, మెజారిటీ పదమూడు శాతానికి పెరిగింది.

మన దగ్గరా సభలకు వచ్చిన జనాన్ని చూసి ఫలితం చెప్పే అలవాటు ఉంది. 2008 ఆగస్టులో తిరుపతిలో ప్రజారాజ్యం ఆవిర్భావ సభకు లక్షల్లో జనం వచ్చారు. మరుసటి ఏడాది 294 స్థానాల శాసనసభలో ఆ పార్టీ గెలిచినవి 18. కాకస్ అంతకంటే కొంత గట్టి ఆధారమనే ఒప్పుకోవాలి, ఎందుకంటే అక్కడికి వచ్చినవారు తమ ఎంపికను నమోదు చేసి వెళతారు. అయితే వారు తేలుస్తున్నది ఇంటి లోపలి పోటీ. పోటీ ఎంత హోరాహోరీగా ఉంటే అంత జనం వస్తారు. పదవిలో ఉన్న అధ్యక్షుడే మళ్లీ నిలబడితే ఆయన పార్టీ వారికి రావలసిన పనే ఉండదు. కాబట్టి ఆ సంఖ్యలో మనకు ముందుగా కనిపించేది అభ్యర్థుల మధ్య తేడా ఎంత తక్కువగా ఉందన్నదే. ఒక్క రాష్ట్రానికే ఇది పరిమితం కాదు. 1988లో దేశమంతటా డెమోక్రటిక్ ప్రైమరీలలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడానికి మామూలు పోలింగ్‌లా జరిపే ఎన్నికలలో, పడిన ఓట్లు రిపబ్లికన్ల ఓట్లకు రెట్టింపుకు దగ్గరగా ఉన్నాయి, అయినా నవంబరులో జార్జ్ బుష్ 40 రాష్ట్రాలు గెలిచారు.

కాకస్‌కు వచ్చేవారు సొంత పార్టీ ఓటర్లకైనా సరైన నమూనా అవుతారా అన్న సందేహానికి వాషింగ్టన్ రాష్ట్రం జవాబిచ్చింది. 2016 మార్చిలో అక్కడి డెమోక్రటిక్ కాకస్‌లలో సుమారు 2,30,000 మంది పాల్గొన్నారు, అభ్యర్థులలో ఒకరైన బెర్నీ శాండర్స్‌కు డెబ్బై శాతానికి మించి మద్దతు లభించింది. మే నెలలో అదే రాష్ట్రంలో ప్రైమరీ జరిగింది. అక్కడ ఓటు పోస్టులో పంపవచ్చు గనుక సుమారు 8,00,000 మంది వేశారు, గెలిచింది హిల్లరీ క్లింటన్. పార్టీ జాతీయ సభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధుల కేటాయింపుకు లెక్కలోకి వచ్చింది మాత్రం కాకస్ ఫలితమే. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. 2020 నాటికి ఆ పార్టీ అక్కడ ప్రైమరీకి మారడం మంచి నిర్ణయం.

అయినా ఆ అంకెలను పక్కన పడేయమని నేను అనను. మొత్తం ఎంతమంది వచ్చారన్నదాని కంటే, వారిలో మొదటిసారి వచ్చినవారు ఎందరన్నది ఎక్కువ విలువైన సమాచారం. 2008లో డెమోక్రాట్ల వైపు లోపలికి వెళుతున్నవారిని అడిగి చేసిన సర్వేలో సగానికి మించినవారు తాము తొలిసారి వస్తున్నామని చెప్పారు. అయోవాలో ఆ రాత్రి ద్వారం దగ్గరే పార్టీ ఓటరుగా నమోదు కావచ్చు. అలా చేరిన పేరు, చిరునామా పార్టీ జాబితాలోకి ఎక్కుతాయి, శరదృతువులో కార్యకర్తలు తలుపు తట్టేది ఆ జాబితా పట్టుకునే. కాకస్ నుంచి నవంబరుకు నిజంగా ఏదైనా దారి ఉందంటే అది ఇదేనని నా అభిప్రాయం. ఆ దారి కూడా పార్టీ పది నెలలపాటు ఆ మనుషులను వదలకుండా పలకరిస్తేనే పనిచేస్తుంది. అక్కడ నవంబరు ఎన్నిక నాటికి పద్దెనిమిది నిండబోయే పదిహేడేళ్లవారిని కూడా కాకస్‌లోకి రానిస్తారు. ఈసారి రికార్డు సంఖ్య గురించి చదివినప్పుడు, అందులో అలా కొత్తగా నమోదైన మీ ఈడువారు ఎందరో వెతకండి.

ఇట్లు,
మీ తాతయ్య