మూరెడు ఎత్తు, మిల్లీసెకను పొరపాటు

మా మేనల్లుడికి పన్నెండేళ్లు. అక్కావాళ్లు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. పోయినసారి వెళ్లినప్పుడు పెరట్లో నా చేతిలో అమెరికన్ ఫుట్‌బాల్ పెట్టి, విసరమన్నాడు. బౌండరీ దగ్గర్నుంచి కీపర్ చేతికి క్రికెట్ బంతి విసిరినవాణ్ణి, ఇదో లెక్కా అనుకున్నాను. బంతి తోక తెగిన గాలిపటంలా ఊగుతూ వాడి నెత్తి మీదుగా పోయి కంచెకు తగిలింది.

"ఇంకో అడుగు పొడవుంటే నీకు అందేదిరా" అన్నాను.

"నీ కాలు ఎటు చూస్తోందో చూసుకున్నావా మామయ్యా?" అన్నాడు.

రాత్రి భోజనాలయ్యాక కాగితం తీసుకుని లెక్క వేస్తే, వాడిదే రైటని తేలింది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బంతిని విసిరే ముఖ్య ఆటగాడు క్వార్టర్‌బ్యాక్. పట్టుకునేవాళ్లలో రకాలున్నాయి గానీ, ఇక్కడ అందరినీ రిసీవర్లనే అంటాను. బంతి 28 సెంటీమీటర్ల పొడవు, సుమారు 400 గ్రాముల బరువు, రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. వంద విసిరితే ఎన్ని తనవాళ్ల చేతుల్లో పడ్డాయన్నదే క్వార్టర్‌బ్యాక్ గురికి వేసే మార్కు. ఈ మార్కు మీద నాకు పూర్తి నమ్మకం లేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

2011 సీజన్ చూడండి. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ పొడవు ఆరడుగులు. మనకు అది ఆజానుబాహుడి కింద లెక్క, ఆ కొలువులో మాత్రం పొట్టివాడే. ఆ ఏడాది అతని మార్కు 71.2 శాతం, అప్పటికి అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రికార్డు. జట్టులో అందరికన్నా ఎక్కువగా 99 బంతులు పట్టింది జిమ్మీ గ్రాహమ్. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడినవాడు, 6 అడుగుల 7 అంగుళాలు. అతని తర్వాత 86 బంతులు పట్టింది డారెన్ స్ప్రోల్స్, 5 అడుగుల 6 అంగుళాలు. పక్కపక్కన నిలబెడితే స్ప్రోల్స్ నెత్తి గ్రాహమ్ భుజం దాకా వస్తుంది. విసిరే చెయ్యి ఒకటే, పట్టే చేతుల మధ్య ఇంత తేడా.

ఈ తేడా విలువెంత? చెయ్యి పైకెత్తితే మనిషికి అందే ఎత్తు అతని పొడవుకు రమారమి 1.3 రెట్లు. ఆ లెక్కన స్ప్రోల్స్‌కు అందనిదీ గ్రాహమ్‌కు అందేదీ 43 సెంటీమీటర్లు, అంటే దాదాపు మూరెడు. ఇప్పుడు విసిరేవాడి వైపు నుంచి చూద్దాం. 20 గజాల దూరానికి బల్లపరుపుగా విసిరిన బంతి దిశ ఒక్క డిగ్రీ తప్పితే, అక్కడికి చేరేసరికి 32 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అంటే గ్రాహమ్ పొడవు అదనంగా మన్నించగలిగే తప్పు డిగ్రీన్నర కూడా లేదు. 30 గజాలకైతే డిగ్రీ కంటే తక్కువే. పైగా ఆ మూరెడు పైవైపు మాత్రమే. పక్కకు పోతే చేతుల చాపులో తేడా ఒక్కో వైపు జానెడు కూడా రాదు. మోకాళ్ల కిందికి వచ్చిన బంతికి పొడవు వల్ల లాభం లేదు సరికదా, వంగడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది.

ఆ డిగ్రీన్నర తప్పడానికి ఎంతసేపు పడుతుంది? జొన్నచేలో మంచె మీద నిలబడి ఒడిసెల తిప్పినవాళ్లకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. రాయి ఎటు పోతుందన్నది ఎంత బలంగా తిప్పామన్నదాని కంటే, ఎప్పుడు వదిలామన్నదాని మీదే ఆధారపడుతుంది. చెయ్యి కూడా ఒడిసెల లాంటిదే. వదిలే సమయంలో అరచెయ్యి సెకనుకు 20 మీటర్ల వేగంతో, 70 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చాపంలో తిరుగుతోందనుకుందాం. అప్పుడు దాని దిశ సెకనుకు 1,600 డిగ్రీల చొప్పున మారుతుంది, అంటే ఒక్క మిల్లీసెకనులో డిగ్రీన్నర పైనే. రెప్ప వేసి తీయడానికే వంద మిల్లీసెకన్లు పడుతుంది. అందులో నూరోవంతు ముందు వేళ్లు విడిచాయంటే, గ్రాహమ్‌కూ స్ప్రోల్స్‌కూ మధ్యనున్న మూరెడూ ఖర్చయిపోయినట్టే.

మరి ఇన్ని బంతులు చేతుల్లో ఎలా పడుతున్నాయి? అసలు కిటుకు కాళ్లలో, నడుములో ఉంది. చెయ్యి ఒక్కటే తిరిగితే చాపం గుండ్రంగా ఉంటుంది. అదే వెనక కాలితో నేలను తన్ని, ముందు కాలు గురి వైపు వేసి, ముందు తుంటి, ఆ తర్వాత ఛాతీ, ఆ తర్వాత భుజం, మోచెయ్యి, మణికట్టు, ఒకదాని వెనక ఒకటి తిరిగాయనుకోండి, శరీరం మొత్తం ముందుకు జరుగుతూ ఉంటుంది కాబట్టి వదిలే చోట ఆ చాపం సాగి దాదాపు తిన్నని గీతవుతుంది. తిన్నని గీత మీద మిల్లీసెకను అటూఇటూ అయినా బంతి దిశ పెద్దగా మారదు. అంటే మంచి విసురుడు చేసే పని, తప్పు జరగకుండా ఆపడం కాదు, జరిగిన తప్పుకు విలువ లేకుండా చేయడం. మంచి రిసీవర్ చేసేదీ అదే. కాకపోతే కాళ్లు సరిచేసుకుంటే వచ్చే లాభం, రిసీవర్ మూరెడు పొడవు పెరిగితే వచ్చే లాభం కంటే ఎక్కువ.

తప్పుల్లోనూ రకాలున్నాయి. అడుగు మరీ చాచి వేస్తే నడుము వెనకే ఉండిపోతుంది, ఛాతీ ఆకాశం చూస్తుంది, బంతి పైకి లేస్తుంది. పొడవు రిసీవర్ కాపాడగలిగేది ఈ తప్పునే. ముందు పాదం గురికి అడ్డంగా పడితే మాత్రం తుంటి బిగుసుకుపోయి బంతి పక్కకు పోతుంది. పక్కకు పోయిన బంతిని ఏడడుగుల మనిషీ ఏం చేయలేడు. పెరట్లో నేను రెండూ కలిపి చేశానని మావాడి తీర్పు.

బంతి తిరిగే తీరు కూడా ఓ రిపోర్టు కార్డే. చక్కగా విసిరిన బంతి తన పొడవు ఇరుసు మీద సెకనుకు పదిసార్లు తిరుగుతూ, బొంగరంలా నిలకడగా పోతుంది. టామ్ హౌస్ అని, బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్‌గా ఆడి తర్వాత కోచ్ అయిన పెద్దమనిషి ఉన్నాడు. టెక్సాస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టులో ఉన్న రోజుల్లో నోలన్ ర్యాన్ అంతటి పిచర్ చేతా ప్రాక్టీసులో ఫుట్‌బాల్ విసిరించేవాడు. చేతి కదలిక ఎక్కడ గాడి తప్పినా బంతి ఊగి చాడీ చెప్పేస్తుందని ఆయన నమ్మకం. తర్వాత అదే హౌస్ దగ్గర బ్రీస్, మరో క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ తమ విసురును చెక్కుకున్నారు.

అదే 2011లో డెన్వర్ బ్రాంకోస్‌కు క్వార్టర్‌బ్యాక్‌గా టిమ్ టీబో ఆడాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ కొట్టిన కుర్రాడు, కండబలానికి లోటు లేదు. ఎరిక్ డెకర్, డిమేరియస్ థామస్, ఇద్దరు రిసీవర్లూ 6 అడుగుల 3 అంగుళాలు. అయినా అతని మార్కు 46.5 శాతం. విసిరే ముందు బంతిని నడుము దాకా దించి, పెద్ద చుట్టు తిప్పి పైకి తెచ్చేవాడు. చుట్టు పెద్దదైనకొద్దీ మిల్లీసెకన్లు తప్పడానికి చోట్లు ఎక్కువ. అతన్ని వెనకేసుకొచ్చేవాళ్లు దూరపు పాస్‌లు ఎక్కువ వేయించారంటారు. ఆ మాట తీసిపారేయలేం.

మార్కు మీద నా అనుమానం ఇక్కడే. స్ప్రోల్స్ ఒక్కో క్యాచ్‌కు సగటున 8 గజాల పైచిలుకు జట్టును ముందుకు తీసుకెళ్లాడు, గ్రాహమ్ 13. పొట్టివాళ్లకు దగ్గరి, తేలిక బంతులు వేస్తారు. పొడవువాళ్లను ఇద్దరు ముగ్గురు అవతలి జట్టు డిఫెండర్ల నడుమ, కష్టమైన చోటికి పంపుతారు. ఒట్టి శాతాలు చూసి పొట్టి రిసీవరే నయమన్నా, పొడవు రిసీవరే నయమన్నా, సులువు పేపరు రాసినవాడికీ కష్టం పేపరు రాసినవాడికీ ర్యాంకులిచ్చినట్టుంటుంది. పొడవుకు అసలు గిరాకీ, తప్పిన బంతిని అందుకోవడానికి కాదనిపిస్తుంది. కావాలనే ఎత్తులో వేసిన బంతిని, పక్కన డిఫెండర్ ఎగిరినా అందనిచోట పట్టుకోవడానికి.

1982 జనవరి 10న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది అదే. డల్లాస్ కౌబాయ్స్ 27, శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు 49ఎర్స్ 21. నిమిషం కంటే తక్కువ టైముంది, దాటితే పాయింట్లు వచ్చే గీతకు ఆరు గజాల దూరం. 49ఎర్స్ క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా కుడివైపు పరిగెడుతుంటే వెంటపడ్డవాళ్లలో 6 అడుగుల 9 అంగుళాల ఎడ్ జోన్స్ ఒకడు. మోంటానా విసిరినట్టు నటించాడు, అవతలివాడు గాల్లోకి లేచాడు, అప్పుడు విసిరాడు. వెనక కాలి మీద బరువు, పాఠం ప్రకారం అన్నీ తప్పులే. బంతి ఎత్తుగా, మైదానం చివరి గీత మీదుగా బయటికి పోయేలా వెళ్లింది. 6 అడుగుల 4 అంగుళాల డ్వైట్ క్లార్క్ ఎగిరి వేళ్ల కొసలతో లాక్కున్నాడు. దానికి ఆరు పాయింట్లు, వెంటనే కొట్టిన కిక్కుకు ఒకటి, 49ఎర్స్ 28-27తో గెలిచారు. ఆ క్యాచ్‌ను మోంటానా చూడలేదు, అప్పటికే అతన్ని కింద పడేశారు. జనం అరుపుల్ని బట్టి తెలుసుకున్నాడు.

క్లార్క్‌కు తప్ప ఇంకెవరికీ అందకూడదనే అంత ఎత్తులో వేశానని మోంటానా మాట. ఈ కథ మా మేనల్లుడికి చెప్పాను. వాడు పుట్టింది డల్లాస్‌లో, గోడ మీద కౌబాయ్స్ నక్షత్రం.

"అది అవతల పారేసిన బంతి మామయ్యా" అన్నాడు. "వాడు పొడుగ్గా ఉన్నాడు కాబట్టి బతికిపోయారు."