లినక్స్ డివైస్ ట్రీ: రాయకుండా వదిలేసిన రెండు విలువల వెనక కథ

2025 జనవరిలో లినక్స్ కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపించే కీలక భాగం) 6.13 విడుదలైంది. అందులో ఒక హెచ్చరిక కొత్తగా చేరింది. యంత్రం తన హార్డ్‌వేర్ వివరాల్లో రెండు విలువలు చెప్పకుండా వదిలేస్తే, బూట్ అయ్యేటప్పుడే కెర్నల్ ఆ సంగతి లాగ్‌లో గట్టిగా చెబుతుంది. ఇన్నాళ్లూ ఆ విలువలు లేకపోతే కెర్నల్ తనంతట తానే ఏదో ఒకటి అనుకుని పని కానిచ్చేది. ఆ అలవాటు మానుకునే దారిలో ఇది మొదటి మెట్టు. మార్పు తెచ్చింది రాబ్ హెరింగ్. లినక్స్‌లో డివైస్ ట్రీ వ్యవహారాలు చూసే మెయింటెయినర్ ఆయన.

కోడ్‌గా చూస్తే పెద్ద పనేమీ కాదు. కానీ ఇక్కడిదాకా రావడానికి ముప్పై ఏళ్లు దాటింది.

ముందు అసలు విషయం. ఫోన్లలో, రౌటర్లలో, చిన్న బోర్డుల్లో వాడే చిప్‌లో సీరియల్ పోర్టు ఏ అడ్రస్‌లో ఉందో, మెమరీ ఎక్కడ మొదలవుతుందో కెర్నల్‌కు వెతికి కనుక్కోవడం కుదరదు. ఎవరో ఒకరు చెప్పాలి. అలా చెప్పే పట్టికే డివైస్ ట్రీ. చెట్టు కొమ్మల్లా ఒకదాని కింద ఒకటి ఉండే దాని భాగాలను నోడ్లు అంటారు, అన్నిటికన్నా పైనున్నది రూట్ నోడ్. అందులో ప్రతి పరికరానికీ అడ్రస్, సైజు ఉంటాయి. ఈ రెండూ 32 బిట్ల సెల్స్‌గా, మధ్యలో గీత లేకుండా వరసగా రాసి ఉంటాయి. అడ్రస్‌కు ఎన్ని సెల్స్, సైజుకు ఎన్ని సెల్స్ అన్నది పై నోడ్‌లో చెప్పాలి. మనం మాట్లాడుకుంటున్న రెండు విలువలు ఇవే.

చెప్పకపోతే ఏమవుతుంది? మెమరీ నోడ్‌లో వరసగా 0, 2 జీబీ, 1 జీబీ అని మూడు సెల్స్ ఉన్నాయనుకుందాం. అడ్రస్‌కు 2, సైజుకు 1 అనుకుని చదివితే, 2 జీబీ అడ్రస్ దగ్గర మొదలయ్యే 1 జీబీ మెమరీ. రెండింటికీ ఒక్కోటి అనుకుని చదివితే, సున్నా దగ్గర మొదలయ్యే 2 జీబీ మెమరీ, పైగా చివర ఎటూ చెందని సెల్ ఒకటి. అదే డేటా, రెండు వేర్వేరు యంత్రాలు.

ఈ పట్టిక లినక్స్ కనిపెట్టింది కాదు. 1980ల చివర సన్ మైక్రోసిస్టమ్స్‌లో మిచ్ బ్రాడ్లీ ఫోర్త్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఓపెన్‌బూట్ అనే ఫర్మ్‌వేర్‌తో (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) మొదలైంది. 1989లో వచ్చిన స్పార్క్‌స్టేషన్ 1 దాంతోనే నడిచింది. 1994లో అది ఓపెన్ ఫర్మ్‌వేర్ పేరుతో ఐఈఈఈ 1275 ప్రమాణమైంది. యాపిల్, ఐబీఎం కూడా తమ పవర్‌పీసీ ప్రాసెసర్ల యంత్రాలకు తీసుకున్నాయి. విలువలు రాయకపోతే అడ్రస్‌కు 2, సైజుకు 1 అనుకోమంది ఆ ప్రమాణం. సన్ యంత్రాల్లో కార్డులు తగిలించే ఎస్‌బస్‌లో స్లాట్ నంబరు, ఆ స్లాట్‌లోని ఆఫ్‌సెట్ కలిస్తేనే ఒక అడ్రస్ కాబట్టి, ఆ లోకంలో 2 అన్నది వింతగా ఏమీ కనిపించదు.

అప్పట్లో ఫర్మ్‌వేర్ ప్రాణంతో ఉండేది. కెర్నల్ దాన్ని ప్రశ్నలడిగి ట్రీని తెచ్చుకునేది. 2005లో పరిస్థితి మారింది. ఓపెన్ ఫర్మ్‌వేర్ లేని పవర్‌పీసీ బోర్డులకు కూడా ఇదే పద్ధతి కావాలి. కెక్సెక్‌తో ఒక కెర్నల్ నుంచి ఇంకో కెర్నల్‌కు దూకితే, రెండోదానికి ప్రశ్నలడగడానికి ఫర్మ్‌వేర్ ఉండదు. అందుకని బెంజమిన్ హెరెన్‌ష్మిట్ చొరవతో ట్రీ మొత్తాన్ని ఒకే బైనరీ ముద్దగా చేసి కెర్నల్ చేతికిచ్చే ఏర్పాటు వచ్చింది. టెక్స్ట్‌ను ఆ బైనరీగా మార్చే డీటీసీ కంపైలర్‌ను డేవిడ్ గిబ్సన్ రాశాడు.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. కొత్త పద్ధతిలో ఈ రెండు విలువలూ కచ్చితంగా రాయాల్సిందే. రూట్ నోడ్‌లో లేకపోతే డీటీసీ 2005 నుంచే వార్నింగ్ ఇచ్చేది, మిగతా నోడ్లకు 2007 నుంచి. కానీ కెర్నల్ మాత్రం నోరు మెదపలేదు. విలువ లేకపోతే పై నోడ్‌లో చూసేది, అక్కడా లేకపోతే ఇంకా పైకి వెళ్లేది, రూట్‌లోనూ లేకపోతే అడ్రస్‌కు 1, సైజుకు 1 అనుకునేది. సన్ వారి స్పార్క్ ప్రాసెసర్ల యంత్రాలకు మాత్రం అడ్రస్‌కు 2. అంటే ప్రమాణం చెప్పేది ఒకటి, లినక్స్ చేసేది ఇంకొకటి. తర్వాత 2016లో వచ్చిన డివైస్‌ట్రీ స్పెసిఫికేషన్ కూడా పాత 2, 1 లనే నిలబెట్టింది, పైనుంచి వారసత్వంగా తీసుకోకూడదని స్పష్టంగా చెప్పింది. అయినా ఈ రెండూ ఇన్నేళ్లు పక్కపక్కనే బతికాయి, ఎందుకంటే దాదాపు అందరూ విలువలు రాసేవారు. నన్నడిగితే కెర్నల్ కూడా ఈ వార్నింగ్‌ను 2005లోనే పెట్టి ఉండాల్సింది. అప్పుడు వాడేవాళ్లు తక్కువ, సరిదిద్దడం తేలిక.

ఆ తర్వాత వాడేవాళ్లు ఎలా పెరిగారో చూడండి. ఫోన్లలో వాడే ఆర్మ్ చిప్‌ల ప్రపంచంలో 2011 దాకా ప్రతి బోర్డుకూ ఒక సీ ఫైలు, ఒక మెషీన్ నంబరు. ఈ ఫైళ్ల వరదకు ఆ ఏడాది మార్చిలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ బాగా విసుక్కున్నాడు, కాస్త బూతులతో సహా. గ్రాంట్ లైక్లీ లాంటివాళ్లు అప్పటికే పవర్‌పీసీ పద్ధతిని ఆర్మ్‌కు తెచ్చే పనిలో ఉన్నారు. ఆ తిట్టు దానికి ఊపునిచ్చింది. 2012 డిసెంబర్‌లో వచ్చిన 3.7తో వేర్వేరు కంపెనీల ఆర్మ్ చిప్‌ల మీద ఒకే కెర్నల్ బూట్ అవడం వీలైంది. 64 బిట్ల ఆర్మ్ కూడా అదే కెర్నల్‌లో చేరింది, మొదటి రోజు నుంచే డివైస్ ట్రీతో.

దాంతోపాటు ఒక హామీ కూడా వచ్చింది: పాత ట్రీతో కొత్త కెర్నల్ బూట్ అవ్వాలి. ఈ హామీని చిప్ కంపెనీలు ఎంతవరకు పట్టించుకున్నాయన్నది వేరే గొడవ. కానీ డిఫాల్ట్ (రాయనప్పుడు అనుకునే విలువ) మార్చడం ఎందుకు కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. రాసి ఉన్నదాన్ని మార్చాలంటే ఫైలు వెతికి దిద్దవచ్చు. రాయనిదాన్ని ఎక్కడని వెతుకుతాం? అది ఎవరి ఫ్లాష్‌లోనో, ఎవరి రోమ్ (ROM) చిప్‌లోనో ఉంటుంది.

డిఫాల్ట్ మారితే జనానికి ఎలా తగులుతుందో 2015 మొదట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు వాడేవాళ్లు చూశారు. కెర్నల్ 3.18తో డివైస్ ట్రీ వచ్చింది, సెన్సర్ల లాంటివి కలిపే ఐ2సీ, ఎస్‌పీఐ డిఫాల్ట్‌గా ఆఫ్ అయ్యాయి. నిన్నటిదాకా పనిచేసిన సెన్సర్ అప్‌డేట్ తర్వాత మూగబోయింది. కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను చేరిస్తే సరిపోతుంది, కానీ ఆ లైను పాత ట్యుటోరియల్స్‌లో లేదుగా!

6.13 మార్పులో ఈ జాగ్రత్త కనిపిస్తుంది. డిఫాల్ట్ తీసేయలేదు, వాడుకుంటే హెచ్చరిస్తుందంతే. మార్చేముందు హెరింగ్ తన దగ్గరున్న 1990ల నాటి యాపిల్ పవర్‌మ్యాక్‌లవి, పిల్లల కోసం చేసిన ఓఎల్‌పీసీ ల్యాప్‌టాప్‌లవి ట్రీలు చూసుకున్నాడు. అన్నిటిలోనూ రూట్ విలువలు రాసే ఉన్నాయి. ఆ విలువలు రాయని స్పార్క్ యంత్రాలున్నాయని తెలుసు కాబట్టి స్పార్క్‌ను మినహాయించారు.

రూట్ సంగతి సరే, కింది నోడ్ల సంగతి? కొన్ని పవర్‌మ్యాక్‌లలో సీరియల్ పోర్టుల నోడ్‌కు సైజు విలువ లేదు. యాపిల్ రోమ్‌లో అలాగే వచ్చింది, ఇప్పుడు దాన్ని దిద్దేవాళ్లు లేరు. యంత్రం నడిచింది, లాగ్‌లో మాత్రం హెచ్చరిక ప్రత్యక్షమైంది. అప్పటి పవర్‌పీసీ మెయింటెయినర్ మైకేల్ ఎల్లర్మన్ దీనికి వెంటనే మందు వేశాడు: ఫర్మ్‌వేర్ నుంచి ట్రీని కాపీ చేసుకునే తొలి దశలోనే, పవర్‌మ్యాక్ అయితే తప్పిపోయిన విలువను కెర్నలే చేరుస్తుంది. ఆ తర్వాత ఒక పవర్‌బుక్ ల్యాప్‌టాప్ మోడల్‌కూ ఇలాంటి సవరణే పెట్టాల్సి వచ్చింది.

డిఫాల్ట్‌ను పూర్తిగా తీసేయాలంటే హెచ్చరికలు రావడం ఆగాలి. స్పార్క్ మాత్రం ఆ లెక్కలోకి రాదు.