కార్బన్ మోనాక్సైడ్‌కే తలుపు తెరిచే స్ఫటికం

విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉన్నటువంటి బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమి) పైభాగం నుంచి వచ్చే వాయువులో దాదాపు సగం నైట్రోజన్. మిగిలినదానిలో అత్యధికం కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్. అందులో మండేది ప్రధానంగా మోనాక్సైడే కనుక, ఈ వాయువును సాధారణంగా కర్మాగారంలోనే ఇంధనంగా కాల్చేస్తారు. మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం వంటి వాటికి ముడిసరుకు కాగల పదార్థాన్ని ఇలా కాల్చివేయడం నష్టమే. కానీ మోనాక్సైడ్‌ను నైట్రోజన్ నుంచి విడదీయడం కష్టం. రెండింటి అణుభారమూ 28, ఎలక్ట్రాన్లు 14 చొప్పున; మరిగే ఉష్ణోగ్రతలు వరుసగా −191.5, −195.8 డిగ్రీల సెల్సియస్. అణువుల పరిమాణంలోనూ తేడా అత్యల్పం కాబట్టి ఎంత సన్నని జల్లెడ పట్టినా ఫలితం ఉండదు.

ఇక్కడ అక్కరకొచ్చేవి లోహ-సేంద్రియ చట్రాలు. లోహ అయాన్లను సేంద్రియ అణువులతో ముడివేసి నిర్మించే ఈ రంధ్రయుత స్ఫటికాలకే 2025లో సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. వీటిలో కొన్ని బిగుసుకుపోయి ఉండవు. ఫ్రాన్స్‌లో జెరార్ ఫెరే బృందం తయారుచేసిన మిల్-53 చట్రం, లోపలికి చేరిన అణువులను బట్టి ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. గది ఉష్ణోగ్రత వద్ద కార్బన్ డయాక్సైడ్‌ను పంపితే ముందు కుంచించుకుని, పీడనం పెరిగాక తెరుచుకుంటుంది. స్ఫటికమంటే కదలని క్రమమని చదువుకున్నవారికి ఇది వింతే.

కిటగావా బృందం 2014లో వెల్లడించిన రాగి చట్రం ఈ గుణాన్ని నేరుగా మన చిక్కుకు వర్తింపజేసింది. మొదట కొన్ని మోనాక్సైడ్ అణువులు రాగి అయాన్లకు అంటుకుంటాయి. ఆ బంధం వల్ల చట్రం ఆకృతి మారి, మరిన్ని అణువులకు చోటు ఏర్పడుతుంది. అంటే అధిశోషణం (వాయు అణువులు రంధ్రాల లోపలి ఉపరితలానికి అంటుకోవడం) తనను తానే వేగవంతం చేసుకుంటుంది. రాగితో అలాంటి బంధం కుదరని నైట్రోజన్ ఆ మార్పును తేలేదు.

అయితే మోనాక్సైడ్ తెరిచిన దారిలో నైట్రోజన్ కూడా చొరబడవచ్చు కనుక, శుద్ధ వాయువులతో విడివిడిగా చేసిన కొలతలను నమ్ముకోకుండా మిశ్రమంతోనే పరీక్షించాలి. చట్రాన్ని పదేపదే ముడిచి విప్పితే స్ఫటిక రేణువులు పొడి కావచ్చు. అన్నిటికన్నా నీటి ఆవిరి పెద్ద బెడద: నీటితో కడిగిన ఫర్నేస్ వాయువు తేమతో నిండి ఉంటుంది, పైగా రాగి కేంద్రాలను నీటి అణువులే ముందుగా ఆక్రమిస్తాయి. అందుచేత ఈ చట్రం నింపిన గొట్టానికి ముందు, వాయువును ఆరబెట్టే వేరొక దశ తప్పనిసరి. ఆ దశకయ్యే శక్తిని కూడా కలిపాకే ఈ పద్ధతి లాభనష్టాలు తేలుతాయి.