కెవిన్ స్మిత్ సినిమాలు: కదలని కెమెరా మీద ముప్పై ఏళ్ల వాదన

అమెరికన్ దర్శకుడు కెవిన్ స్మిత్ పేరెత్తగానే ఒకరు ఆయన సంభాషణల పదును మెచ్చుకుంటారు, ఇంకొకరు ఆయనకు కెమెరా పెట్టడం రాదంటారు. ఇద్దరి మాటల వెనకా ఉన్నది ఒకటే పద్ధతి: కెమెరా కదపకుండా మనుషుల్ని నిలబెట్టి మాట్లాడించడం. అది న్యూజెర్సీలోని లియొనార్డోలో, ఆయన కౌంటర్లో కూర్చుని పనిచేసిన క్విక్ స్టాప్ దుకాణంలో పుట్టింది.

1994లో వచ్చిన ‘క్లర్క్స్’కు షూటింగ్ పూర్తయ్యేసరికి అయిన ఖర్చు 27,575 డాలర్లు. డబ్బు కోసం స్మిత్ తన కామిక్ పుస్తకాలు అమ్మారు, క్రెడిట్ కార్డులన్నీ వాడేశారు. పగలు దుకాణంలో బేరం నడవాలి కాబట్టి రాత్రి పదిన్నర నుంచి తెల్లవారుజామున ఐదున్నర దాకా, 21 రోజుల్లో తీశారు. దుకాణం గుమస్తాల ఈ కథ మాత్రం పగటిది. బయటి చీకటి కనబడకూడదు. అందుకే దుకాణం షట్టరు తాళంలో ఎవరో చూయింగ్ గమ్ కుక్కారని, అది తెరుచుకోవడం లేదని కథలోనే రాసేసుకున్నారు. నలుపు తెలుపులో తీయడం వల్ల కూడా బోలెడు పని తగ్గింది. ట్యూబులైట్ల వెలుగూ సినిమా లైట్ల వెలుగూ ఒక రంగులో ఉండవు. కలర్ ఫిల్ము మీద ముఖాలు ఒకచోట పచ్చగా, ఒకచోట ఎర్రగా పడతాయి. వాటిని సరిచేసే సమయం, డబ్బు వాళ్ల దగ్గర లేవు.

16 ఎంఎం ఫిల్ములో 400 అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు వస్తుంది. ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి పేజీలకు పేజీలు మాట్లాడిస్తే ప్రతి షాటుకూ లైట్లు మార్చక్కర్లేదు. కానీ ఎనిమిదో వాక్యంలో నాలుక తడబడితే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. దగ్గరి షాట్లు తీసి పెట్టుకోకపోతే ఎడిటింగులో కత్తెర వేసే చోటు దొరకదు. సెట్లో నీరసంగా పలికిన జోకు తెర మీదా నీరసంగానే ఉంటుంది. ‘క్లర్క్స్’లో ఈ లోపం కనబడలేదు, ఎందుకంటే ఆ గుమస్తాల విసుగుకు కదలని ఫ్రేము అతికినట్టు సరిపోయింది. సన్‌డాన్స్‌ చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది, మిరామాక్స్ అనే పంపిణీ సంస్థ కొనుక్కుంది. ఒక్క మాటల కారణంగానే పడిన ఎన్‌సీ-17 (పెద్దలకు మాత్రమే) రేటింగ్ అప్పీలు తర్వాత ఆర్‌కు (పిల్లలు పెద్దవాళ్లతో కలిసి చూడొచ్చు) తగ్గింది.

మెచ్చేవాళ్ల, తప్పుపట్టేవాళ్ల మధ్య చీలిక 1995లో ‘మాల్‌రాట్స్’తో మొదలైంది. ఖర్చు సుమారు 60 లక్షల డాలర్లు, అమెరికా థియేటర్లలో వచ్చింది దాదాపు 21 లక్షలు. మాల్ అంత పెద్ద చోటు దొరికినా మనుషులు అలాగే వరసగా నిలబడి మాట్లాడారు. డబ్బు లేక పుట్టిన పద్ధతి డబ్బు వచ్చాకా మారకపోతే, దాన్ని శైలి అనాలా, అలవాటు అనాలా?

1997లో రెండున్నర లక్షల డాలర్లతో తీసిన ‘చేజింగ్ ఏమీ’ చూస్తే శైలి అనే అనిపిస్తుంది. అక్కడ మాట్లాడేవాళ్లకు పోగొట్టుకోవడానికి ఏదో ఉంది, కాబట్టి మాట ఎంత పొడుగైనా బరువు తగ్గదు. స్క్రీన్‌ప్లేకి స్వతంత్ర సినిమాలకిచ్చే ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డు దక్కింది. స్మిత్ సినిమాల్లో ఉత్తమమైనది ఇదే. లెస్బియన్ అయిన కథానాయిక ఒక మగవాడిని ప్రేమించడం మీద మాత్రం అభ్యంతరాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

‘డాగ్మా’ (1999) మీద క్యాథలిక్ సంఘాలు నిరసనకు దిగాయి. ‘జెర్సీ గర్ల్’ (2004)కు విల్మోస్ జిగ్మండ్ వంటి గొప్ప ఛాయాగ్రాహకుడు పనిచేసినా పాత అభిమానులకు రుచించలేదు. తాను రాయని కథతో తొలిసారి తీసిన ‘కాప్ అవుట్’ (2010)కు దెబ్బలాంటి సమీక్షలు వచ్చాయి, స్మిత్ సమీక్షకుల మీద బహిరంగంగానే మండిపడ్డారు. మరుసటి ఏడు ‘రెడ్ స్టేట్’ హక్కులను సన్‌డాన్స్‌లో వేలం వేస్తానని చెప్పి, 20 డాలర్లకు తానే కొనుక్కుని, ఊరూరా తిప్పి చూపించారు. ప్రేక్షకులను నేరుగా చేరాక సమీక్షలతో ఆయనకు పెద్దగా పని లేకపోయింది. నచ్చని చోటు చెప్పేవాళ్లూ చుట్టూ తగ్గారు, ‘యోగా హోజర్స్’ (2016)లో ఆ లోటు బాగా తెలుస్తుంది.

2018లో ఆయనకు గుండెపోటు వచ్చింది. 2022 నాటి ‘క్లర్క్స్ 3’లో గుండెపోటు నుంచి బయటపడిన ఓ గుమస్తా అదే క్విక్ స్టాప్‌లో సినిమా తీస్తాడు. మొదటి సినిమా చూసినవాళ్లను అది కదిలిస్తుంది, చూడనివాళ్లకు సగం సన్నివేశాలు ఎందుకున్నాయో అర్థం కావు.