మూలుగ ఇచ్చిన అక్కని ఎవరు అడిగారు

స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్‌లో ఇద్దరు మనుషులుంటారు. ఒకళ్ళు లుకేమియానో తలసీమియానో అప్లాస్టిక్ అనీమియానో లాంటి రక్తం జబ్బు వచ్చి ఇంక వేరే దారి లేక ఆ బెడ్ మీద ఉన్నవాళ్ళు, రెండోవాళ్ళు ఏ జబ్బూ లేకుండా నడుచుకుంటూ వచ్చి, ఇంజెక్షన్లు చేయించుకుని, తమ సెల్స్ ఇచ్చేసి ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. ఇక్కడ బెంగళూరులో బొమ్మసంద్ర, హోసూర్ రోడ్డు వైపు అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు నుంచి వచ్చి రూములు అద్దెకి తీసుకుని నెలలకొద్దీ ఉండే మన కుటుంబాలు చాలా కనిపిస్తాయి, వాళ్ళతో మాట్లాడితే పేషెంట్ రక్తకణాల కౌంట్స్ ఎంతున్నాయి, నిన్న రాత్రి జ్వరం ఎంత, ప్లేట్‌లెట్స్ ఎక్కించారా లేదా అన్నీ ఇంట్లో అందరికీ నోటికొచ్చు. సెల్స్ ఇచ్చిన తమ్ముడికో అక్కకో ఇప్పుడెలా ఉంది అని అడిగితే మాత్రం "ఆ, బాగానే ఉందండీ" అని ఒక్క ముక్కతో సరి. నిజంగా బాగానే ఉండొచ్చు, ఎక్కువమంది బాగానే ఉంటారు కూడా. కానీ ఇన్నేళ్ళ రీసెర్చ్ చూస్తే ముక్కూమొహం తెలియని పేషెంట్‌కి ఇచ్చిన డోనర్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నారో సొంత ఇంట్లోవాళ్ళకి ఇచ్చిన డోనర్ని అంత జాగ్రత్తగా చూసుకోవట్లేదని అర్థమవుతుంది, అది నన్ను చాలా బాధపెట్టే విషయం, అందుకే ఇది రాస్తున్నా.

ముందు అసలు పని ఎలా జరుగుతుందో చెప్తా. మన రక్తం మొత్తం, ఎర్ర కణాలు తెల్ల కణాలు ప్లేట్‌లెట్స్ అన్నీ, ఎముకల లోపల ఉండే మూలుగలో కొన్ని స్టెమ్ సెల్స్ నుంచే పుడతాయి. అవి పాడైతేనో, వాటిల్లోంచే కేన్సర్ మొదలైతేనో, గట్టి కీమోతో (కొన్నిసార్లు రేడియేషన్‌తో కూడా) పాత మూలుగని తుడిచేసి వేరేవాళ్ళ స్టెమ్ సెల్స్ ఎక్కిస్తారు. ఎక్కించడం అంటే రక్తం ఎక్కించినట్టే, సెంట్రల్ లైన్‌లోంచి, అంటే పెద్ద రక్తనాళంలో పెట్టిన గొట్టంలోంచి. వరి నారు లాగా ఎవరూ వంగి నాటక్కర్లేదు, రక్తంలో తిరుగుతూ అవే మూలుగని వెతుక్కుని అందులో కుదురుకుంటాయి, రెండు మూడు వారాల్లో కొత్త తెల్ల కణాలు కనిపించడం మొదలవుతుంది, కొన్ని నెలలకి పేషెంట్ బ్లడ్ గ్రూప్ కూడా డోనర్ గ్రూప్‌కి మారిపోతుంది. 1957లో అమెరికాలో డానల్ థామస్ బృందం మనుషుల మీద ఇది మొదలుపెట్టినప్పుడు ఆ పేషెంట్లు ఎక్కువ రోజులు బతకలేదు, ఎందుకంటే ఎవరి సెల్స్ ఎవరికి సరిపోతాయో తేల్చే హెచ్ఎల్ఏ సంగతి అప్పటికి సరిగ్గా తెలియదు. ఆయనకి 1990లో నోబెల్ వచ్చింది. మన దేశంలో 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో, 1986లో వెల్లూరు సీఎంసీలో మొదలైంది.

హెచ్ఎల్ఏ జీన్స్ ఆరో క్రోమోజోమ్ మీద ఉంటాయి, ఒక సెట్ అమ్మ నుంచి ఇంకో సెట్ నాన్న నుంచి వస్తుంది, కాబట్టి ఒక్కో తోబుట్టువు పూర్తిగా మ్యాచ్ అయ్యే ఛాన్స్ 25 శాతం. మన వైపు మేనరికాలు ఎక్కువ కదా, అలాంటి కుటుంబాల్లో అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు కుదరకపోయినా మేనమామల్లోనో పిన్ని పిల్లల్లోనో పూర్తి మ్యాచ్ దొరికే అవకాశం మిగతావాళ్ళకన్నా ఎక్కువ. అంటే చుట్టాల్లో టెస్ట్ చేయించుకోమని అడిగేవాళ్ళ లిస్టు పెరుగుతుంది, వాళ్ళ మీద పడే ఒత్తిడి కూడా పెరుగుతుంది.

సెల్స్ తీసే పద్ధతులు రెండు. పాతది, మత్తు ఇచ్చి నడుం వెనక కటి ఎముకలోంచి సూదితో మూలుగ లాగడం. చాలామంది అనుకునేట్టు వెన్నుపూసలోంచి తియ్యరు, వెన్నుపాముకి దీనితో సంబంధమే లేదు. తీసిన మూలుగ నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్ళీ తయారైపోతుంది. రెండోది ఇప్పుడు ఎక్కువగా చేసేది, జీ-సీఎస్ఎఫ్ అనే మందు రోజూ ఇంజెక్షన్‌గా నాలుగైదు రోజులు ఇస్తారు, దాంతో మూలుగలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు విపరీతంగా పెరిగి కొన్ని ఎంజైములు వదుల్తాయి, అవి స్టెమ్ సెల్స్‌ని అక్కడ పట్టి ఉంచే కొక్కేల్లాంటి ప్రొటీన్లని కత్తిరిస్తాయి, సెల్స్ రక్తంలోకి వచ్చేస్తాయి. తర్వాత ఒక చేతి నుంచి రక్తం మెషీన్‌లోకి వెళ్ళి, స్టెమ్ సెల్స్ వడకట్టి, మిగతాది రెండో చేతికి తిరిగి వస్తుంది, నాలుగైదు గంటలు పడుతుంది, కొన్నిసార్లు రెండో రోజు కూడా కూర్చోవాలి. ఆ ఇంజెక్షన్ల రోజుల్లో ఒళ్ళునొప్పులు, ముఖ్యంగా నడుం, తుంటి ఎముకల నొప్పి, తలనొప్పి చాలామందికి వస్తాయి, తర్వాత కొద్దిరోజుల్లో తగ్గిపోతాయి. మెషీన్‌లో రక్తం గడ్డకట్టకుండా వేసే సిట్రేట్ వల్ల కాల్షియం తగ్గి పెదాలు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కాల్షియం ఇస్తే సర్దుకుంటుంది. ప్లీహం కొద్దిగా ఉబ్బుతుంది, అది చిట్లడం చాలా చాలా అరుదు కానీ జరిగిన కేసులున్నాయి, అందుకే కొన్నాళ్ళు బరువులు ఎత్తకండి, దెబ్బ తగిలే ఆటలు ఆడకండి అని చెప్తారు.

ఎంత సేఫ్ అంటే లెక్కలున్నాయి. 2009లో వచ్చిన యూరప్ సర్వేలో 1993 నుంచి 2005 వరకు జరిగిన 51,024 ట్రాన్స్‌ప్లాంట్ల డోనర్లని చూస్తే ఐదుగురు చనిపోయారు, ఒకరు మూలుగ ఇచ్చాక, నలుగురు రక్తం ద్వారా ఇచ్చాక. పదివేలకి ఒకరు. తక్కువే, కానీ సున్నా అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. 2014లో అమెరికా జాతీయ రిజిస్ట్రీ (ఎవరికైనా ఇస్తామని నమోదైన డోనర్ల జాబితా నడిపే సంస్థ) తన బయటి డోనర్ల, అంటే పేషెంట్‌కి చుట్టాలు కానివాళ్ళ, లెక్క తీస్తే సీరియస్ సమస్యలు మూలుగ ఇచ్చినవాళ్ళలో 2.38 శాతం, రక్తం ద్వారా ఇచ్చినవాళ్ళలో 0.56 శాతం, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి రిస్క్ ఎక్కువ. జీ-సీఎస్ఎఫ్ వల్ల తర్వాత బ్లడ్ కేన్సర్ వస్తుందేమో అనే భయం చాలా ఏళ్ళు ఉండేది, ఆ స్టడీలో కేన్సర్లు మామూలు జనంలో కన్నా ఎక్కువ కనిపించలేదు.

ఇప్పుడు పేషెంట్ వైపు నుంచి చూస్తే కథ మారుతుంది, నాకు ఈ మొత్తం సబ్జెక్టులో అన్నిటికన్నా ఆలోచన పుట్టించే చోటు ఇదే. 2012లో అమెరికాలో, కెనడాలో 551 మంది పేషెంట్లని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి బయటి డోనర్ మూలుగ, ఇంకో గుంపుకి బయటి డోనర్ రక్తంలోంచి తీసిన సెల్స్ ఇచ్చేలా చూశారు. రెండేళ్ళకి బతికున్నవాళ్ళు దాదాపు సమానం, రక్తం వైపు 51 శాతం, మూలుగ వైపు 46 శాతం, ఆ తేడా లెక్కలోకి వచ్చేంత కాదు. సెల్స్ అసలు పట్టుకోకపోవడం రక్తంలో 3 శాతం, మూలుగలో 9 శాతం. కానీ కొత్త సెల్స్ పేషెంట్ ఒంటి మీదే తిరగబడే క్రానిక్ జీవీహెచ్‌డీ రక్తంలో 53 శాతం, మూలుగలో 41 శాతం. క్రానిక్ జీవీహెచ్‌డీ అంటే చర్మం బిగుసుకుపోవడం, కళ్ళు ఎండిపోవడం, నోట్లో పుళ్ళతో ఇంత కారం కూడా తినలేకపోవడం, ఊపిరితిత్తులు దెబ్బతినడం, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్స్. అదే పేషెంట్లని ఐదేళ్ళ తర్వాత అడిగితే మూలుగ తీసుకున్నవాళ్ళు మానసికంగా మెరుగ్గా ఉన్నారు, తిరిగి పనికి వెళ్ళినవాళ్ళు కూడా వాళ్ళలోనే ఎక్కువ. అంటే డోనర్‌కి తేలికైన పద్ధతి ఒకటి, పేషెంట్ తర్వాతి జీవితానికి మేలు చేసే పద్ధతి ఇంకొకటి! ఇంత జరిగినా ప్రపంచంలో ఎక్కువ సెంటర్లు రక్తం ద్వారానే తీస్తున్నాయి, ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు, కౌంట్స్ త్వరగా వస్తాయి, మన దగ్గర అయితే కౌంట్స్ లేని ప్రతి రోజూ ఇన్‌ఫెక్షన్ భయం, బిల్లు రెండూ పెరుగుతాయి కాబట్టి ఆ కారణాలు కొట్టిపారేయలేం.

ఈ చిక్కు కొంత విప్పింది పాత కీమో మందే, సైక్లోఫాస్ఫమైడ్. సెల్స్ ఎక్కించిన మూడో, నాలుగో రోజు అది ఇస్తే తిరగబడే టీ-సెల్స్ (ఒక రకం తెల్ల కణాలు) దెబ్బతింటాయి, స్టెమ్ సెల్స్‌కి ఏమీ కాదు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు దీన్ని హాఫ్ మ్యాచ్ కోసం, అంటే హెచ్ఎల్ఏ సగమే కలిసిన డోనర్ల కోసం, పైకి తెచ్చారు, 2023లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో పూర్తిగా మ్యాచ్ అయిన, రక్తంలోంచి తీసిన సెల్స్‌తో కూడా పనిచేసింది, ఏడాదికి తీవ్రమైన జీవీహెచ్‌డీ లేకుండా, జబ్బు తిరగబెట్టకుండా బతికున్నవాళ్ళు 52.7 శాతం, పాత మందులతో 34.9 శాతం. డోనర్‌కి మత్తు, సూది గాయాలు లేని పద్ధతిలోనే పేషెంట్‌కి కూడా మంచి ఫలితం వస్తే అంతకన్నా ఏం కావాలి.

కానీ హాఫ్ మ్యాచ్ వచ్చాక ఇంట్లో ఇంచుమించు అందరూ డోనర్లే, అమ్మ, నాన్న, కొడుకు, కూతురు. బీపీ, షుగర్ ఉన్న 55 ఏళ్ళ నాన్న కూడా "నేనిస్తా, నాకేమైనా పర్లేదు" అంటాడు. బయటి డోనర్‌కి అయితే రిజిస్ట్రీ ఒప్పుకోదు, ఇంట్లోవాళ్ళ విషయంలో రూల్స్ సడలిపోతాయి. అమెరికాలో ఇంటి డోనర్ల మీదే ప్రత్యేకంగా చేసిన ఆర్‌డీసేఫ్ స్టడీ 2019లో చెప్పింది ఇదే, రక్తం ద్వారా ఇచ్చిన ఇంటి డోనర్లకి బయటి డోనర్లకన్నా నొప్పులు, లక్షణాలు తీవ్రంగా ఉన్నాయి, ఏడాది తర్వాత కూడా పూర్తిగా కోలుకోనివాళ్ళు వాళ్ళలో ఎక్కువ. పెద్దవయసు డోనర్ అయితే పేషెంట్‌కీ నష్టమే, బయటి డోనర్ల మీద 2016లో వచ్చిన లెక్క ప్రకారం డోనర్ వయసు పదేళ్ళు పెరిగితే పేషెంట్ మరణం రిస్క్ 5.5 శాతం పెరుగుతుంది. కాబట్టి నాన్న బీపీ గట్టిగా చూడటం, కాదంటే కాదనడం పేషెంట్‌కి వ్యతిరేకం అనుకోకూడదు.

ఇంకోటి, అడిగే మనిషి ఎవరు అన్నది. 2010లో అమెరికా సెంటర్లని అడిగితే 70 శాతం పైగా చోట్ల పేషెంట్‌ని, డోనర్ని ఒకేసారి చూసుకునే అవకాశం ఉన్న డాక్టర్లే డోనర్ ఫిట్ అని సర్టిఫై చేయడంలోనో, సంతకం తీసుకోవడంలోనో ఉన్నారు. అంతర్జాతీయ ప్రమాణాలు ఇప్పుడు డోనర్ని వేరే డాక్టరే చూడాలి అంటున్నాయి. నాకు తెలిసిన ఒక అక్క, అనంతపురం వైపు ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, తమ్ముడికి ఇచ్చింది. "ఇస్తావా అని నన్ను ఎవురూ అడగలేదన్నా, ఎప్పుడొస్తావు అని అడిగినారు అంతే" అంది. ఇష్టంగానే ఇచ్చింది, మళ్ళీ అడిగినా ఇస్తుంది, తమ్ముడు బాగున్నాడు. కానీ ఇంట్లో అత్తమ్మ ఇక పిల్లలు పుట్టరేమో, పని చేసుకోలేదేమో అని గొడవ పెడితే, వాటికి ఆధారం లేదమ్మా అని కూర్చోబెట్టి చెప్పిన డాక్టర్ ఒక్కరు లేరు, గర్భం లేదని టెస్ట్ చేశారు గానీ ఎందుకు చేశారో కూడా చెప్పలేదంట, ఇంటికెళ్ళాక ఫోన్ చేసినవాళ్ళూ లేరు.

దీనికి కోట్లు ఖర్చు అక్కర్లేదు. డోనర్‌తో ఇంట్లోవాళ్ళు లేకుండా ఒక అరగంట, వాళ్ళ భాషలో, పేషెంట్ డాక్టర్ కాని ఇంకో డాక్టర్ మాట్లాడాలి. వద్దు అనాలనుకుంటే ఆ మాట బయటికి పోకుండా "డోనర్‌గా సరిపోరు" అని మాత్రమే కుటుంబానికి చెప్పాలి. సెల్స్ ఇచ్చిన నెలకి, ఆరు నెలలకి, ఏడాదికి ఒక్కోసారి ఫోన్ చెయ్యాలి, ఆ వివరాలు పేషెంట్ ఫలితాలతో పాటు రికార్డులో పెట్టాలి.

ఇంట్లో కుదరనివాళ్ళకి బయటి డోనర్లు కావాలి, ప్రపంచంలో 4 కోట్ల పైగా నమోదై ఉన్నా మనవాళ్ళు తక్కువ, హెచ్ఎల్ఏ మన జనంలోనే దొరికే ఛాన్స్ ఎక్కువ. చెన్నైలో 2009లో మొదలైన దాత్రి, బెంగళూరులో డీకేఎంఎస్ ఫౌండేషన్ ఇండియా చెంప లోపల స్వాబ్‌తో (దూది పుల్లతో) శాంపిల్ తీసుకుని నమోదు చేస్తాయి. మారతహళ్ళి, బీటీఎం పీజీల్లో ఉండే మన పిల్లలు ఇరవైల్లో ఉన్నారు, పేషెంట్‌కి అన్నిటికన్నా మంచి డోనర్ ఆ వయసువాళ్ళే. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, స్వాబ్ ఇచ్చేముందే ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడండి, మ్యాచ్ వచ్చిందని ఫోన్ వచ్చాక ఇంట్లో ఏడిస్తే ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు. వెనక్కి తగ్గే హక్కు చివరి నిమిషం వరకు మీదే, ఎవరూ బలవంతం చెయ్యలేరు, కానీ సెల్స్ ఇచ్చే రోజుకి దాదాపు వారం ముందే పేషెంట్‌కి గట్టి కీమో మొదలవుతుంది, అప్పటికి వాళ్ళ పాత మూలుగ పోయినట్టే, కొత్తది రాకపోతే బతకడం చాలా కష్టం. సందేహం ఉంటే ఆ కీమో డేట్ కన్నా ముందే చెప్పెయ్యండి, రిజిస్ట్రీవాళ్ళకి ఇంకో డోనర్ని వెతకడానికి టైమ్ ఉంటుంది.