బీపీ బిళ్లల మీద ఉద్దానం అనుమానం ఎక్కడి నుంచి వచ్చింది

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఊళ్లకి ఊళ్లనే పట్టిన కిడ్నీ జబ్బు మాట మళ్లీ వార్తల్లోకి వచ్చిందంటే దాని వెనకాలే ఫోన్లలో ఆ వాయిస్ మెసేజ్ కూడా తిరగడం మొదలవుతుంది. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా చాలామంది ఈపాటికి వినే ఉంటారు: బీపీ బిళ్లలే కిడ్నీలు పాడుచేస్తున్నాయి, క్రియాటిన్ (అసలు పేరు క్రియాటినిన్, రక్తపరీక్షలో ఈ అంకె పెరిగితే కిడ్నీ వడపోత తగ్గిందని అర్థం) పెరిగితే ముందు ఆ బిళ్ల మానేయండి అని. పేర్లు పెట్టి మరీ చెప్తారు, ఎనలాప్రిల్, రామిప్రిల్, వాటికి దగ్గర చుట్టాలైన టెల్మీసార్టన్, లోసార్టన్. "ఆ బిళ్లలేసుకున్నాకే పెరిగిందట కదేటి" అని ఎవరైనా అడిగితే కొట్టిపారేయడం కష్టం, ఎందుకంటే ఆ మాటలో ఒక ముక్క నిజం ఉంది. ఆ ముక్క మన ఊళ్లలో పుట్టింది కాదు. అమెరికాలో, 1980ల మొదట్లో, అదీ పెద్ద పెద్ద డాక్టర్ల మధ్యే పుట్టింది.

బ్రెజిల్ పాము విషం నుంచి ఈ మందు దాకా వచ్చిన కథ అందరూ ఎక్కడో ఒక చోట చదివిందే. 1965లో ఆ విషం మీద పనిచేసిన బ్రెజిల్ శాస్త్రవేత్త ఫెరేరా, ఆ తర్వాత స్క్విబ్ అనే మందుల కంపెనీలో శాస్త్రవేత్తలు కుష్‌మన్, ఒండెట్టి, చివరికి ఈ రకంలో మొదటి బిళ్ల కాప్టోప్రిల్. అది వదిలేద్దాం. పనిచేసే తీరు మాత్రం రెండు మాటల్లో చెప్పుకోవాలి, లేకపోతే గొడవ అర్థం కాదు. కిడ్నీ నుంచి రెనిన్ వస్తుంది, దాని వల్ల రక్తంలో ఆంజియోటెన్సిన్ 1 తయారవుతుంది, దాన్ని ఏస్ అనే ఎంజైము ఆంజియోటెన్సిన్ 2గా మారుస్తుంది. ఈ రెండోది రక్తనాళాల్ని బిగిస్తుంది, ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచేలా చేస్తుంది. బిళ్ల ఆ ఎంజైముని ఆపుతుంది కాబట్టి నాళాలు వదులవుతాయి, బీపీ దిగుతుంది, గుండెకి శ్రమ తగ్గుతుంది. అదే ఎంజైము బ్రాడీకైనిన్ అనే ఇంకో పదార్థాన్ని విరగ్గొడుతుంటుంది, అది ఆగేసరికి కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది (బీపీ బిళ్ల వల్ల అని తెలియక దగ్గు మందు సీసాలు ఖాళీ చేసేవాళ్లున్నారు). సార్టన్లు ఆంజియోటెన్సిన్ 2 తయారవడాన్ని ఆపవు, అది వెళ్లి పట్టుకునే చోటుని మూసేస్తాయి, దగ్గు గోల తక్కువ, అందుకే ఇప్పుడు ఎక్కువ చీటీల మీద టెల్మీసార్టనే కనపడుతుంది. కిడ్నీ విషయంలో మాత్రం రెండిటి కథా దాదాపు ఒకటే.

ఇక అసలు సంగతి. 1981లో అమెరికాలో కాప్టోప్రిల్‌కి అనుమతి వచ్చినప్పుడు ఇంకే మందుకీ లొంగని తీవ్రమైన బీపీ ఉన్నవాళ్లకి వాడమన్నారు. మొదట్లో ఇచ్చిన డోసులు ఇప్పుడు చూస్తే భయమేస్తుంది, రోజుకి 450 మిల్లీగ్రాములు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ. ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి, నాలుకకి రుచి పోయింది, కొందరికి తెల్ల రక్తకణాలు పడిపోయాయి, కొందరికి మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలైంది. మూత్రంలో ప్రొటీన్ అంటే కిడ్నీ దెబ్బతిందనే కదా అర్థం. దాని మీద 1983లో ఇంకో దెబ్బ పడింది. రెండు కిడ్నీలకీ వెళ్లే రక్తనాళాలు సన్నబడిపోయినవాళ్లకి, లేదా ఉన్న ఒక్క కిడ్నీకి నాళం సన్నబడినవాళ్లకి ఈ మందు ఇస్తే క్రియాటిన్ గబగబా పెరిగిపోతోందని బయటపడింది. మందు ఆపగానే మళ్లీ దిగిందన్న రెండో సగం ఎవరికీ అంతగా గుర్తుండలేదు. కిడ్నీ బాగోలేనివాడికి ఈ మందు జోలికి పోవద్దు అన్న మాట డాక్టర్ల నోళ్లలో అప్పుడే స్థిరపడింది, ఒక తరం అలాగే చదువుకుంది, వాళ్ల దగ్గర పనిచేసిన కాంపౌండర్లు, ఆ కాంపౌండర్ల నుంచి నేర్చుకున్న ఆర్‌ఎంపీలు అదే మాట ఊళ్లకి తెచ్చారు.

డోసు తగ్గించినా మందు పనిచేస్తుందని తర్వాత తేలింది, డోసు తగ్గేసరికి ఆ పాత ఇబ్బందులు చాలావరకు పోయాయి. కానీ మాట మారలేదు.

క్రియాటిన్ ఎందుకు పెరిగిందో చెప్పింది ఎలుకల మీద పని. కిడ్నీలోని వడపోతని ఒక మడి అనుకోండి. నీళ్లొచ్చే దారొకటి, పోయే దారొకటి. ఆంజియోటెన్సిన్ 2 పోయే దారిని ఎక్కువగా బిగిస్తుంది, దాంతో మడిలో నీళ్లు పైకి లేస్తాయి, ఒత్తిడి పెరిగి వడపోత జోరుగా నడుస్తుంది, జోరుగా నడిచీ నడిచీ గట్లు తెగిపోతాయి. 1986లో కిడ్నీ పరిశోధకుడు బ్రెన్నర్ బృందం ఎక్కువ భాగం కిడ్నీ తీసేసిన ఎలుకల్లో కొన్నిటికి ఎనలాప్రిల్, కొన్నిటికి వేరే మూడు రకాల బీపీ మందులు కలిపి ఇచ్చింది. బీపీ రెండు గుంపుల్లోనూ ఒకేలా తగ్గింది. వడపోత లోపలి ఒత్తిడి తగ్గింది, కిడ్నీ నిలబడింది మాత్రం ఎనలాప్రిల్ తిన్నవాటికే. అంటే బిళ్ల పోయే దారిని తెరుస్తుంది, వడపోత కాస్త నెమ్మదిస్తుంది, రక్తంలో క్రియాటిన్ కొంచెం పైకి జరుగుతుంది. పరీక్ష కాగితం మీద చెడ్డగా కనపడే ఆ అంకె చాలాసార్లు మందు పట్టిందనడానికి గుర్తు.

ఎలుకల మాట ఎవరు వింటారు? మనుషుల్లో తేలింది 1993లో, నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారం తిరగబడ్డ ఏడాది అదే. చిన్న వయసులోనే షుగరు వచ్చి, మూత్రంలో ప్రొటీన్ పోతున్న 409 మందిని తీసుకున్నారు. 207 మందికి కాప్టోప్రిల్, 202 మందికి ఉత్తుత్తి బిళ్ల. బీపీ తగ్గించడానికి రెండు గుంపులకీ వేరే మందులు ఉండనే ఉన్నాయి. క్రియాటిన్ రెట్టింపైనవాళ్లు కాప్టోప్రిల్ గుంపులో 25 మంది, రెండో గుంపులో 43 మంది. చావు, డయాలసిస్, కిడ్నీ మార్పిడి, ఈ మూడూ కలిపి చూస్తే ముప్పు సగానికి పడిపోయింది. బీపీలో ఉన్న కొద్ది తేడాని లెక్క నుంచి తీసేసి చూసినా ఫలితం నిలబడింది. అంతకు పదేళ్ల ముందు కిడ్నీని పాడుచేస్తుందని పక్కన పెట్టిన అదే కాప్టోప్రిల్ కిడ్నీని కాపాడే మందుగా బయటికి వచ్చింది.

ఈలోగా గుండె వైపు ఇంత మల్లగుల్లాలు లేవు. గుండె బాగా బలహీనపడి మంచం దిగలేని 253 మంది మీద నార్డిక్ దేశాల్లో ఎనలాప్రిల్ పరీక్షించారు, 1987లో ఫలితం వచ్చింది, ఆరు నెలల్లో మామూలు వైద్యం గుంపులో వందకి 44 మంది, ఎనలాప్రిల్ గుంపులో 26 మంది చనిపోయారు. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి పరీక్షని మధ్యలోనే ఆపేశారు. 2000లో రామిప్రిల్‌తో తొమ్మిది వేల పైచిలుకు మంది మీద చేసిన హోప్ అధ్యయనం గుండెపోటు, పక్షవాతం కూడా తగ్గుతాయని చూపించింది. ఇవి ఇక్కడ చెప్పడానికి కారణం ఒక్కటే: మెసేజ్ విని బిళ్ల మానేసేవాళ్లలో గుండె కోసం వేసుకుంటున్నవాళ్లూ ఉంటారు, వాళ్లకి పోయేది కిడ్నీ లెక్క ఒక్కటే కాదు.

మరి ఎంత పెరిగితే ఆపాలి? దీనికి అంకె ఉంది. బిళ్ల మొదలుపెట్టిన నాలుగు వారాల్లో క్రియాటిన్ ఉన్నదాని మీద 30 శాతం లోపు పెరిగితే కొనసాగించొచ్చు, అంతకు మించితే కారణం వెతకాలి, డోసు తగ్గించాలో ఆపాలో డాక్టరు చూడాలి. అంటే 1.5 ఉన్నది 1.9 అయిందని బెంగ పడక్కర్లేదు, 2.5 అయితే పడాలి. 2022లో బ్రిటన్‌లో కిడ్నీలు బాగా దెబ్బతిన్న 411 మందిలో సగం మందికి ఈ మందులు ఆపి, సగం మందికి కొనసాగించి మూడేళ్లు చూశారు. ఆపినవాళ్ల కిడ్నీలు ఏమీ బాగుపడలేదు. డయాలసిస్ తప్పుతుందని ఆపేవాళ్లకి ఇంతకంటే సూటి జవాబు లేదు.

ఆపమనే వాళ్ల వైపు న్యాయం లేదా అంటే, ఉంది. ఉద్దానం జబ్బు షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బు లాంటిది కాదు. ఇక్కడ చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, మొదట్లో బీపీ కూడా ఎక్కువ ఉండదు, కారణమేంటో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. 1993 నాటి లాభం ప్రొటీన్ పోయేవాళ్లలో కనపడింది, దాన్ని తెచ్చి అందరికీ అంటించేస్తే కుదరదు. బీపీ లేని మనిషికి కిడ్నీ కోసమని ఈ బిళ్ల రాస్తే ఎందుకని అడగాల్సిందే.

రెండోది ఎండ. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో వేసవిలో పొద్దంతా పనిచేసి ఒంట్లో నీరు తగ్గిన మనిషికి, వాంతులో విరేచనాలో పట్టుకున్న మనిషికి ఈ బిళ్ల కిడ్నీని నిజంగానే ఇబ్బంది పెడుతుంది. అలాంటి రోజుల్లో రెండు మూడు రోజులు ఆపి, తేరుకున్నాక మళ్లీ మొదలుపెట్టమని చాలామంది డాక్టర్లు చెప్తారు, చెప్పాలి కూడా. దానికి తోడు ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే బిళ్ల కూడా ఉంటే మూడూ కలిసి కిడ్నీని ఒక్కసారిగా దెబ్బతీయగలవు. ఇంకోటి, ఈ మందులు ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి, కిడ్నీ నెమ్మదించినవాడిలో మరీను, పొటాషియం మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు. నీరసానికి కొబ్బరి నీళ్లు తాగమని చెప్పే ప్రాంతం మనది, కొబ్బరి నీళ్ల నిండా పొటాషియమే. కడుపుతో ఉన్నవాళ్లకైతే ఈ బిళ్ల అసలే పనికిరాదు.

వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్లు ఇవేవీ అడగరు. నొప్పి బిళ్ల మీద వాళ్లకి ఫిర్యాదు లేదు, అది చీటీ లేకుండా కూడా దొరుకుతుంది. బిళ్ల మానేయమనడానికి ఒక్క క్రియాటిన్ కాగితం చాలంటారు, ఆ కాగితం బిళ్ల మొదలుపెట్టక ముందుదా తర్వాతదా అన్నది కూడా చూడరు. అటు బిళ్ల రాసే వైపు కూడా రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ క్రియాటిన్, పొటాషియం చూడాలన్నది చీటీ మీద రాసి ఊరుకుంటే సరిపోదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది, కానీ ఆ రెండో పరీక్ష కోసం ఒక రోజు కూలి వదులుకుని మందస నుంచో వజ్రపుకొత్తూరు నుంచో బస్సెక్కి వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారు? బిళ్ల ఇచ్చే చోటే, ఆ ఊళ్లోనే రక్తం తీసుకునే ఏర్పాటు ఉంటే ఈ తగవులో సగం తగ్గుతుంది, ఎందుకంటే అప్పుడు పెరిగింది 30 శాతం లోపా, దాటిందా అన్నది చేతిలో ఉన్న రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఎవరైనా చూసుకోవచ్చు.