బకెట్లో చెట్టు, చెట్టు కింద చేప

జనవరి మొదటి వారం వచ్చిందంటే మా డల్లాస్ చుట్టుపక్కల వీధుల్లో క్రిస్మస్ చెట్లన్నీ రోడ్డు పక్కకి వచ్చేస్తాయి, మొన్నటిదాకా లైట్లు కట్టి ఫోటోలు దిగినవే. మా పక్కింటి పెద్దాయన వాటిని ట్రక్కులో ఏరుకొస్తుంటాడు. మొదటి ఏడాది చూసి చలిమంటకేమో అనుకున్నా, భోగి కూడా దగ్గర్లోనే ఉంది కదా, అడిగితే లేక్‌లో ముంచడానికి, క్రాపీ కోసం అన్నాడు. చెట్టుని నీళ్లలో ముంచితే చేపలు రావడమేంటి అని అప్పుడు పట్టుకున్న పిచ్చి నాకింకా వదల్లేదు.

క్రాపీ మన వైపు లేదు, నార్త్ అమెరికా చేప. వెండి రంగు మీద నల్ల మచ్చలు, రెండు పక్కలా నొక్కేసినట్టు పల్చటి ఒళ్లు, నోరు ఎంత సున్నితమంటే గాలం గట్టిగా లాగితే చిరిగిపోతుంది, అందుకే ఇక్కడివాళ్లు పేపర్ మౌత్ అంటారు. తెల్లది నల్లది అని రెండు జాతులు, రంగు చూసి మోసపోవద్దు, వీపు ముళ్లు లెక్కపెట్టాలి, తెల్లదానికి ఐదారుంటాయి, నల్లదానికి ఏడెనిమిది. కారం, అల్లం వెల్లుల్లి పట్టించి వేయిస్తే ఎలా ఉంటుందో నేను రాయను, మళ్లీ టాపిక్ పక్కకి పోతుంది.

అసలు చెట్టు ఎందుకు కావాలంటే, టెక్సస్‌లో మనం లేక్ అంటున్నవి దాదాపు అన్నీ ఆనకట్ట కట్టి నింపిన రిజర్వాయర్లే. లోయ మునిగినప్పుడు అందులో ఉన్న చెట్లూ కంచెలూ పొదలూ మునుగుతాయి, ఆ మట్టిలో ఆకుల్లో ఉన్న ఎరువంతా నీళ్లలోకి దిగుతుంది, మొదటి కొన్నేళ్లు చేపలకి పండగే పండగ. లేక్ ఫోర్క్‌ని 1980లో నింపడం మొదలుపెట్టినప్పుడు చాలా చెట్లు కొట్టకుండా నిలబెట్టి వదిలేశారు, చేపల వేటకి దాని పేరు అంతలా మోగడానికి అదో కారణం. కానీ మునిగిన కట్టె ఎన్నాళ్లుంటుంది, ముందు సన్న కొమ్మలు పోతాయి, తర్వాత పెద్దవి, పైనుంచి బురద పేరుకుంటుంది, ఓ యాభై ఏళ్లకి చాలా రిజర్వాయర్ల అడుగు ఊడ్చిన వాకిలిలా అయిపోతుంది. అలాంటి చోట ఒక్క పొద వేసినా చేపకి కనబడుతుంది, మా పెద్దాయన చెట్లు పని చేసేది అందుకే.

చాలామంది దీన్ని చేపలకి ఇల్లు అంటారు గానీ నాకైతే నీడా, టిఫిన్ సెంటరూ కలిసిన చోటు అనిపిస్తుంది. ఏ వస్తువైనా నీళ్లలో పడ్డ కొన్ని వారాలకి దాని మీద జిగురుగా పాచి పడుతుంది, అందులో బాక్టీరియా, నాచు, వాటిని తినే పురుగుల లార్వాలు, వాటి కోసం చిన్న చేపలు, వాటి కోసం క్రాపీ. పైగా నీడలో ఉన్న చేపకి ఎండలో ఈదే చిన్న చేప స్పష్టంగా కనిపిస్తుంది, ఎండలో ఉన్నదానికి నీడలో ఉన్నది కనబడదు, మనం చీకటి గదిలోంచి కిటికీ బయటకి చూసినట్టే అన్నమాట.

ఇది అమెరికా వాళ్లు కనిపెట్టిందేం కాదు లెండి. ఆఫ్రికాలో బెనిన్ దేశపు లగూన్లలో, అంటే సముద్రం ఒడ్డు సరస్సుల్లో, కొమ్మలు గుచ్చి చేపల్ని చేరదీసే పద్ధతిని అకాజా అంటారు, అస్సాం చిత్తడి సరస్సులైన బీల్స్‌లో కటల్ అంటారు. బంగ్లాదేశ్‌లో చెరువుల్లో వెదురు కర్రలు పాతి పెంచి చూస్తే శీలావతి, అదే రోహు, ఆ కర్రల మీది పాచిని గీక్కుని తిని బాగా పెరిగింది. కొరమేను ఎప్పుడూ గుర్రపుడెక్క కిందే ఎందుకు నక్కుతుందో మా భీమవరం వైపు పిల్లాడెవడినడిగినా చెప్తాడు, చదువు అక్కర్లేదు.

ఇక తయారీ. క్రిస్మస్ చెట్టు ఫ్రీయే గానీ కొన్నేళ్లకే కుళ్లిపోతుంది, అందుకని పెద్దాయన ఇప్పుడు బకెట్ పద్ధతికి మారాడు. ఐదు గాలన్ల బకెట్, అందులో ఒక 80 పౌండ్ల కాంక్రీట్ బస్తా కలిపి పోస్తే దాదాపు నిండుతుంది, గట్టిపడకముందే కొమ్మల బదులు పైపులు గుచ్చెయ్యాలి. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది, బరువు సరిపోతుందిలే అని సగం బకెట్టే పోశా. మొత్తం పోస్తే ఆ దిమ్మ ఓ 40 కిలోలుంటుంది, కానీ అది 17 లీటర్ల నీటిని పక్కకి తోస్తుంది కాబట్టి నీళ్లలో దాని బరువు 23 కిలోలే, ఆర్కిమెడీస్ గారి లెక్క. నేను పోసిన సగానికి పదకొండున్నరే మిగిలింది, దానికి తోడు పైన అంత పొడుగు పైపులు, అలల తాకిడికి ఎటో దొర్లిపోయింది, నీటి అడుగున ఏముందో చూపించే ఫిష్ ఫైండర్‌లో రెండు రోజులు వెతికినా దొరకలేదు.

పైపు ఏదైనా ఒకటే అనుకోవద్దు. పీవీసీ నీటికంటే బరువు, మునుగుతుంది, కాకపోతే రెండు చివరలూ మూసేస్తే లోపల గాలి ఇరుక్కుని తేలుతుంది, కాబట్టి బెజ్జాలు పెట్టాలి. తోటకి వాడే నల్ల పాలిథిన్ పైపు అలా కాదు, అది నీటికంటే కొంచెం తేలిక, మొదలు కాంక్రీట్లో బిగిస్తే మిగతాదంతా తనంతట తనే నిటారుగా నిలబడి ఊగుతుంటుంది, గాలం కూడా పెద్దగా చిక్కుకోదు, నా ఓటు దానికే. వెదురు కణుపుల్లో గాలి ఉంటుంది, అదీ తేలాలనే చూస్తుంది. దిమ్మ గట్టిపడ్డాక బకెట్ ఊడదీసి మళ్లీ అచ్చుగా వాడుకోవచ్చు, ఆ ప్లాస్టిక్‌ని కూడా లేక్‌లో పారెయ్యడం ఎందుకు.

ఎన్ని పైపులు అంటే, ఎక్కువైతే మంచిదనుకుంటాం, కాదు. 1982లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు తాళ్లతో ఉత్తుత్తి మొక్కలు చేసి లార్జ్‌మౌత్ బాస్‌ని, అది తినే బ్లూగిల్ చేపల్ని కలిపి వదిలి చూశారు, చదరపు మీటరుకి 1,000 కాడలు పెట్టేసరికి బాస్‌కి వేట దాదాపు అసాధ్యమైపోయింది. మరీ పల్చగా ఉంటే చిన్న చేప రాదు, మరీ ఒత్తుగా ఉంటే పెద్ద చేప దూరలేదు. ఒక చెయ్యి దూరేంత సందు ఉండాలని పెద్దాయన లెక్క, అది సైన్స్ కాదు, ఆయన అనుభవం.

లోతు సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. ఎండాకాలం లోతైన లేక్‌లో నీళ్లు పొరలుగా విడిపోతాయి, పైన వేడి నీరు, కింద చల్లటి నీరు, రెండూ కలవవు, దాంతో కిందున్న ఆక్సిజన్ అయిపోతూ వస్తుంది. ఆ గీతకి దిగువన పడేసిన పొద ఎంత బాగున్నా జూలైలో ఖాళీయే. చలికాలంలో ఇంకో తలనొప్పి, క్రాపీ లోతుకి దిగుతుంది, అక్కణ్ణించి పైకి లాగితే దాని గాలితిత్తి ఉబ్బిపోతుంది, ఆ గాలిని చటుక్కున వదిలే దారి దానికి లేదు, తిరిగి వదిలేసినా చాలా వరకు చచ్చిపోతాయి. అందుకే లేక్ ఫోర్క్‌లో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా చిన్నదైనా సరే పట్టిన క్రాపీని ఉంచేసుకోవాల్సిందే, వదలకూడదు, పది అంగుళాల కంటే చిన్నదాన్ని వదిలెయ్యాలన్న మామూలు రోజుల రూల్ అప్పుడు ఉండదు.

చవక కదా అని పాత టైర్లు మాత్రం వద్దు. ఫ్లోరిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర 1972లో సముద్రంలో ఇరవై లక్షల దాకా టైర్లు వేశారు చేపలకని, కట్లు తెగి అవి దొర్లుకుంటూ పోయి పక్కనున్న అసలు పగడాల్నే గుద్దేశాయి, ఇప్పటికీ తియ్యలేక చస్తున్నారు.

ఇంతా చేస్తే లేక్‌లో క్రాపీ పెరుగుతాయా అంటే, చాలావరకు పెరగవనే నా అభిప్రాయం, ఉన్నవి ఒకచోటికి చేరతాయంతే. ఆ ఏడాది ఎన్ని పిల్లలు బతికాయన్నది వసంతంలో గుడ్లు పెట్టే టైంకి నీటిమట్టం ఎలా ఉంది లాంటి వాటి మీద ఎక్కువ ఆధారపడుతుంది, ఒక ఏడాది కుప్పలు, ఇంకో ఏడాది సున్నా. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లు తాము వేసిన పైపు పొదల జీపీఎస్ పాయింట్లు నెట్‌లో పెట్టేస్తారు, అక్కడికి వెళ్లి చూస్తే చుట్టూ పడవలే. మరి మా పెద్దాయన తన పాయింట్లు ఎక్కడో నాక్కూడా చెప్పడు.

నా గరాజ్‌లో ఇప్పుడు రెండు బకెట్లు గట్టిపడుతున్నాయి, ఈసారి నిండా పోశా. పర్మిషన్ అడుగుతూ లేక్ ఆఫీసుకి మెయిల్ పెట్టి మూడు వారాలైంది, కారు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పమని మా ఆవిడ రోజూ అడుగుతోంది.